రెండో దీపం

ఆ మనిషి నాకు చెప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాడు. చెప్పలేదని నేను అన్నాను.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ నాన్నకీ చెప్పలేదు. నేను పనిచేసే స్కూలు లైబ్రరీలో రోజూ నా పక్కన కూర్చుని టీ తాగే ఆవిడకీ చెప్పలేదు. నాన్న దృష్టిలో నేను ఇప్పటికీ అబద్ధం ఆడడం రాని పిల్లనే.

మేముండేది ఖతార్‌లో, అల్ ఘర్రాఫాలో, ఒక విల్లాను ఐదు వాటాలుగా చీల్చి అద్దెకిచ్చిన ఇంట్లో. ఇక్కడ ఏ కుటుంబమైనా దేశం వదిలి వెళ్ళిపోయేటప్పుడు ఇంట్లో సామానంతా ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి తలా ఒకటీ పట్టుకుపోతారు. మా సోఫా అలా వచ్చిందే. మా భోజనాల బల్ల అలా వచ్చిందే. రేపు నాన్న ఉద్యోగం అయిపోతే ఇవన్నీ ఇంకొకరింటికి వెళ్ళేవే. పన్నెండేళ్ళ వయసులో వచ్చాను, పదేళ్ళు దాటింది. ఈ ఇంట్లో ఒక్క వస్తువైనా నాది అనిపించలేదు.

కిందటేడు చలికాలం చివర్లో మా పై వాటావాళ్ళు వెళ్ళిపోతూ అలాంటి జాబితా ఒకటి పెట్టారు. వాషింగ్ మెషిన్, సైకిలు, టీవీ కింద పెట్టే పొడవాటి అద్దాల బీరువా. అన్నిటికంటే కింద, బియర్డెడ్ డ్రాగన్, పిల్లది, ఊరికే ఇస్తాం, బాగా చూసుకునేవాళ్ళకి మాత్రమే.

నేను జీవితంలో మొదటిసారి ఆ గ్రూపులో ఒక మాట రాశాను. నాకు కావాలి అని. రాసి ఫోను బోర్లా పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో కిందికి తెచ్చి ఇచ్చారు. జానెడుంది. ఇసుక రంగు ఒళ్ళు, మెడ కింద ముళ్ళ ముళ్ళ సంచి. అది తల వంచి ఒక కంటితో నన్ను చూసింది. నాకెవరినైనా అంతసేపు తిరిగి చూడడం చేతకాదు. దాన్ని చూడగలిగాను.

అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏవిటే ఇది? తొండ."

"తొండ కాదమ్మా. ఆస్ట్రేలియాది."

"ఆస్ట్రేలియా తొండ. అంతేగా. బల్లి మీద పడితేనే పంచాంగం తీసి చూసుకునే కొంపలో తొండని పెంచుతావా?"

నాన్న నవ్వారు. "పోనీలే. అది నోరు తెరిచి ఏదైనా అడగడమే తక్కువ. ఇన్నాళ్ళకి ఒకటి అడిగింది." తరవాత తనే పైకి వెళ్ళి ఆ అద్దాల బీరువా కూడా తెచ్చారు. ఊళ్ళో చెక్కపని చూస్తూ పెరిగిన మనిషి. రెండు శుక్రవారాలు కూర్చుని దాని పైచెక్క కోసి, ఇనుప జాలీ బిగించి, వెనకవైపు గాలికి కన్నాలు చేశారు. నేను పుస్తకంలో చదివినట్టు కొలతలు చెప్పాను. నాలుగడుగుల పొడవు. ఒక చివర వేడిగా, ఒక చివర చల్లగా ఉండాలి. ఇసుక పోయకూడదు, తిండితోపాటు మింగేస్తుంది. అందుకని నాన్న బాత్రూంకి వేయగా మిగిలిన టైల్సు పరిచారు. చెట్టుకొమ్మ ఒకటి ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి పెట్టాను. రెండు చివర్లా రెండు ధర్మామీటర్లు అంటించాను. ఆ రెండు వారాలు నాన్నా నేనూ మాట్లాడుకున్నంత అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇక దీపాలు మిగిలాయి.

జంతువుల దుకాణానికి నాన్నే కారులో తీసుకెళ్ళారు. పార్కింగ్ దొరకలేదు. లైట్లు వెలిగించి ఆర్పుతూ రోడ్డు పక్కనే ఆపి, "నువ్వెళ్ళి తెచ్చేసుకో, ఐదు నిమిషాలు" అన్నారు. షాపులో ఒంటరిగా మాట్లాడాలంటే నాకు భయం. ముందే ఇంగ్లీషులో రెండు వాక్యాలు మనసులో వల్లించుకుని లోపలికి వెళ్ళాను.

కౌంటరు పక్కన స్టూలు మీద నలభై ఐదేళ్ళ మనిషి కూర్చుని పక్షులకి గింజలు సంచుల్లో నింపుతున్నాడు. నా చేతిలో చిన్న నోటు పుస్తకం ఉంది. దాని మీద తెలుగులో నా పేరు చూసి లేచాడు.

"తెలుగోళ్ళా మేడం? ఏ దిక్కు?"

"కాకినాడ."

"మాది నిర్మల్ దిక్కు. ఇంటికాడ అడుగుతె దుబాయ్ల ఉన్నడంటరు. ఖతర్ అని నేను చెప్పుడు బంద్ చేసిన." నవ్వాడు. "ఏం గావాలె చెల్లె?"

చెల్లె అనగానే నా ఇంగ్లీషు వాక్యాలు ఎగిరిపోయాయి. తొండకి దీపం అన్నాను. ఆయన నవ్వలేదు. ఎంత పెద్దది, గూడు ఎంత పొడుగు, కిటికీ దగ్గర ఉన్నదా అని అడిగాడు. పదేళ్ళు బిల్డింగ్ సైట్లలో చేశాడట. మోకాళ్ళు పోయాక ఈ దుకాణంలో పడ్డాడట. "ఈడ సల్లగ ఉంటది. కూసునెటందుకు ఇగో, స్టూల్ ఉన్నది. గింతకన్న ఏం గావాలె" అన్నాడు.

తరవాత వేలు చూపిస్తూ చెప్పాడు. "రెండు దీపాలు గావాలె చెల్లె. గీ గుండ్రం బల్బు వేడికి. ఇంకోటి పొడుగు ట్యూబు, అది బొక్కలకు. అది లేకపోతే బొక్కలు మెత్తబడి కాళ్ళు వంకర పోతయి. మస్తుమంది వేడి దీపం ఒక్కటే కొనుకపోతరు, రెండు నెలలకు చేతుల పట్టుకొని ఏడ్సుకుంట వస్తరు. కిటికీల కెల్లి వచ్చే ఎండ లెక్కలకు రాదు. అద్దం అడ్డముంటె ఉత్త వెలుగే వస్తది, సత్తువ రాదు."

నేను పుస్తకం తీసి రాసుకున్నాను. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ మొహం చూడలేక ఏదో ఒకటి రాసుకోవడం నా అలవాటు. ఆయన నేను రాసేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. "ఒకటి వేడికి. ఒకటి బొక్కలకు (ఎముకలు). కిటికీ అద్దం ఎండ లెక్కకి రాదు." కింద గీత కూడా గీశాను.

"ట్యూబు లోపల ఉన్నది. రెండు నిమిషాలు, తెస్త" అని ఆయన వెనక గదిలోకి వెళ్ళాడు. కొంచెం కుంటుతున్నాడు.

నాన్న ఫోను. "ఏవైందమ్మా? వెనక బండివాడు హారన్ కొడుతున్నాడు. తొందరగా రా, యల్లా."

నాన్నతో రెండు నిమిషాలు ఆగండి అనలేకపోయాను. లోపలున్న మనిషిని పిలిచి మళ్ళీ వస్తానని చెప్పలేకపోయాను. చెప్పాలంటే గొంతు పెంచాలి. దుకాణంలో ఇంకా నలుగురున్నారు. కౌంటరు దగ్గర గుండ్రం బల్బుకి డబ్బులిచ్చి బయటికి వచ్చేశాను. కారు కదులుతుంటే చూశాను. ఆయన చేతిలో పొడుగాటి అట్టపెట్టెతో గాజు తలుపు అవతల నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

మరుసటి వారం వెళ్దామనుకున్నాను. మొన్న ఎందుకు పారిపోయావని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఇంకో వారం గడిచింది. వారాలు గడిచేకొద్దీ వెళ్ళడం మరింత కష్టమయింది. ఇంకెక్కడైనా కొనుక్కోవచ్చు కదా అంటే, ఆ దుకాణంలోనే మాట్లాడలేనిదాన్ని ఇంకో చోట కొత్తగా ఏం మాట్లాడతాను? ఫోనులో తెప్పించుకోవాలంటే ఇంటికి తెచ్చేవాడు దారి కనుక్కుంటూ నాన్నకి ఫోను చేస్తాడు, మొదటిసారే ఎందుకు కొనలేదని నాన్న అడుగుతారు. ఇవన్నీ సాకులని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడూ తెలుసనుకుంటాను.

బీరువాని కిటికీ పక్కకి జరిపించాను. ఖతార్ ఎండ. పరదా తీస్తే గది తెల్లబడిపోయేది. ఇంత ఎండకి ఒక అద్దం ఏం అడ్డమని నాకు నేను చెప్పుకున్నాను. నా చేతిరాతలో, గీత గీసి మరీ రాసుకున్న వాక్యం ఉన్న పుస్తకం మంచం పక్క సొరుగులోనే ఉంది.

తొండ బల్బు కింద కొమ్మ మీద పడుకునేది. అమ్మ రోజూ పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి అటుగా వస్తూ దాన్ని చూసేది. "దేవుడికీ ఒకటే దీపం, దీనికీ ఒకటే. సరిపోయింది" అనేది. దాని తిండికి పురుగులు కొనాల్సి వచ్చినప్పుడు మాత్రం తల పట్టుకుంది. "మనూళ్ళో చీపురుతో కొట్టేవాటిని ఇక్కడ డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఎవరికీ చెప్పకే తల్లీ, పరువు పోతుంది." అలా అంటూనే తోటకూర సన్నగా తరిగి దాని గిన్నెలో వేసేది.

మూడో నెలలో దాని వేళ్ళు వణకడం చూశాను. తరవాత కొమ్మ ఎక్కడం మానేసింది. వెనక ఎడమ కాలు ఈడుస్తూ నడిచేది. పురుగుని పట్టుకుంటే దవడ వంగేది. నాకు కారణం తెలుసు. ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని కాలు నెమ్మదిగా ఒత్తి చూసింది. ఏ దీపాలు పెట్టారని అడిగింది. నాన్న చెప్పారు. ఆవిడ నిట్టూర్చి, "దుకాణంవాళ్ళు రెండోది కావాలని చెప్పలేదా?" అంది.

నాన్న, అమ్మ నావైపు తిరిగారు.

నాకున్న మాటలే తక్కువ. వాటిలో అన్నిటికంటే చిన్నది నోటికొచ్చింది. "లేదు."

తిరిగొచ్చేటప్పుడు నాన్న కారు ఇంటివైపు తిప్పలేదు. ఈసారి పార్కింగ్ వెంటనే దొరికింది. అట్టపెట్టెలో తొండని ఒళ్ళో పెట్టుకుని అమ్మ కార్లోనే కూర్చుంది. నేను నాన్న వెనకాల నడిచాను.

మేనేజరుతో నాన్న హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి వెళ్ళారు. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు అది. మేనేజరు స్టూలు వైపు చూశాడు. ఆ నిర్మల్ మనిషి లేచి వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు, మొదట నవ్వాడు కూడా.

"తెలుగువాడివేనట కదా" అన్నారు నాన్న. "తెలుగువాడివై ఉండి, తెలుగు పిల్ల ఒక్కతే వస్తే, రెండు దీపాలు కావాలని ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెప్పిన సార్."

"చెప్పలేదంటోంది."

"చెప్పిన సార్. ట్యూబు తేనీకె లోపటికి గూడ పోయిన."

"చూడూ. మా అమ్మాయికి నోట్లోంచి మాటే రాదు. అదొచ్చి అబద్ధం చెప్తుందా?"

ఆయన నావైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను. భుజానికి సంచి ఉంది, డాక్టరు చెప్పేది రాసుకోవడానికి తెచ్చిన ఆ పుస్తకం సంచిలో ఉంది. నోరు తెరవనక్కర్లేదు. పుస్తకం తీసి ఆ పేజీ చూపిస్తే చాలు. మాట్లాడలేనివాళ్ళకి కూడా అది చేతనవుతుంది. పక్కన పంజరంలో పక్షులు అరుస్తున్నాయి. అవి ఆగేదాకా ఆగుదామనుకున్నాను. అవి ఆగలేదు.

"అట్లయితె నేనే మర్సిపోయిన్నేమో సార్" అన్నాడాయన చివరికి.

మేనేజరు క్షమించమని అడిగి, పొడుగు ట్యూబు, దాని పట్టీతో సహా ఊరికే ఇచ్చాడు. ఆ సాయంత్రమే నాన్న దాన్ని జాలీ మీద బిగించారు. మూడు నెలలుగా మిగిలిపోయిన పని పూర్తయింది. ఇప్పుడు ఎవరు చూసినా అది మంచి గూడు. చేతులు దులుపుకుంటూ నాన్న, "నువ్వు బాధపడకు. నీ తప్పేం లేదు" అన్నారు. నేను తలూపాను.

తొండ బతికింది. మందు, రెండో దీపం పనిచేశాయి. ఎడమ కాలు మాత్రం వంకరగానే ఉండిపోయింది. అది కొమ్మ ఎక్కేటప్పుడు ప్రతిసారీ ఒకచోట ఆగి, ఆ కాలిని పైకి లాక్కుంటుంది. నేను ప్రతిసారీ చూస్తాను.

రెండు నెలల తరవాత, జూలైలో, స్కూలు నుంచి ట్యాక్సీ చేసుకుని ఆ దుకాణానికి ఒక్కదాన్నే వెళ్ళాను. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని వెళ్ళాను. స్టూలు మీద వేరే మనిషి ఉన్నాడు. హిందీలో అడిగితే, ఆయన్ని మజ్రాకి పంపేశారని చెప్పాడు. అంటే ఊరికి చాలా దూరంలో యజమానికున్న తోట. మేకలకి మేత మోయడం, నీళ్ళు పట్టడం. కస్టమరెవరో గొడవ చేశారట, అందుకని. మీకేం కావాలి అని అడిగాడు. పురుగుల డబ్బా ఒకటి కొనుక్కుని వచ్చేశాను. ఆ వారం ఎండకి బయట కారు తలుపు పిడి ముట్టుకోవడానికి లేదు.

డైరీలో ఆ రోజు గురించి అన్నీ రాశాను. పక్షుల గురించి, నాన్న గొంతు గురించి, చెప్పుల గురించి రాశాను. ఒకటి మాత్రం రాయలేదు.

గొడవయిన రోజు మేనేజరు నాన్నని ఇంకా మాటల్లో పెడుతూనే, ట్యూబు పెట్టె కారులో పెట్టి రమ్మని ఆ నిర్మల్ మనిషినే నాతో పంపాడు. అమ్మ ముందు సీట్లో అద్దాలు ఎత్తుకుని కూర్చుని ఉంది. ఆయన డిక్కీలో పెట్టెని జాగ్రత్తగా పడుకోబెట్టాడు. తొండకి జానెడున్నర ఎత్తులో బిగించాలని, రోజుకి పన్నెండు గంటలు వెలగాలని చెప్పాడు. ఈసారి నేను రాసుకోలేదు. డిక్కీ మూసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వెళ్ళబోయి ఆగాడు. గొంతులో కోపమేమీ లేదు.

"ఆ రోజు నా ముందటనే పుస్తకంల రాసుకున్నరు గద మేడం. మీ నాయిన ముందట ఎందుకులే అని నేనే అనలే."