బొట్టు కింద ఫొటో

2019లో దసరా వెళ్లిన వారం. మహబూబ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ టీకాలు దాచే చల్లటి గదికి కార్డ్ రీడర్ బిగించింది నేనే. మెడలోని కార్డును దాని ముందు పెడితే తలుపు తెరుచుకుంటుంది. ఎవరి కార్డు, ఏ వేళకు అన్నది కంప్యూటర్‌లో పడుతుంది. దాన్ని లాగ్ అంటాం.

ఆదివారం ఎవరో ఆ తలుపు సరిగ్గా వేయలేదు. చల్లదనం పోయి టీకాలన్నీ పాడయ్యాయి. లాగ్‌లో ఉన్న పేరు ఊడ్చి తుడిచే యాదమ్మది. నేను వెళ్లేసరికి మేనేజర్ ఆమెను పనిలోంచి తీసేయడానికి సిద్ధంగా ఉన్నాడు. మిషన్ తప్పు చెప్పదని నాతో ఒక మాట అనిపించడమే మిగిలింది.

"ఆదివారం నేను కొల్లాపూర్ల మా చెల్లె ఇంటికాడ ఉన్న సార్," అంది యాదమ్మ. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మరి కార్డు ఎవరికిచ్చినవ్?" మేనేజర్ గద్దించాడు.

"ఎవ్వరికియ్యలే. నా మెడలనే ఉండె."

పాపం, ఆమె పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ఇచ్చానన్నా తప్పే, ఇవ్వలేదన్నా తప్పే. ఇలాంటి గద్దింపులు వింటే నాకు ఒళ్లు మండుతుంది. రీడర్ పరీక్షించాను, బాగానే ఉంది. "కార్డు జర చూపియ్యమ్మా," అన్నాను. నిండా పసుపు, దాని మీద కుంకుమ. ఫొటో, పేరు రెండూ కనబడడం లేదు.

"ఇదేంది?"

"ఆయుధపూజకు అందరి కార్డులు దేవుని ముందట పెట్టినం సార్. మాకు గవే కదా ఆయుధాలు."

"జర తుడువమ్మా."

"దేవుని బొట్టు తుడుస్తరా సార్!"

బతిమాలితే, దండం పెట్టుకుని కొంగుతో తుడిచింది. బొట్టు కింద కనబడింది స్టోర్‌లో పనిచేసే సరిత ముఖం. పూజ అయ్యాక చూసుకోక ఒకరి కార్డు ఒకరు మెడలో వేసుకున్నారు. ఇద్దరికీ ఆ గదిలోకి అనుమతి ఉంది కాబట్టి తలుపు ఎవరినీ ఆపలేదు.

పిలిపించగానే సరిత ఏడ్చేసింది. "చేతుల నిండ డబ్బాలుండె సార్. కాలుతోని తలుపు నూకిన, పడ్డదనుకున్న."

మేనేజర్ కోపం ఆమె మీదికి మళ్లింది. యాదమ్మ అడ్డొచ్చింది. "నా నౌకరి నిలబడాలంటే గీ పిల్లది పోవాల్నా సార్?"

మేనేజర్ సరితను మందలించి వదిలేశాడు. తలుపు దానంతటదే మూసుకునేలా స్ప్రింగు, తెరిచి ఉంటే మోగే బజరు ఆ రోజే బిగించాను.

ఇప్పుడు ఎవరైనా లాగ్ చూసి "ఫలానా మనిషి వచ్చింది" అంటే, "ఆమె కార్డు వచ్చింది" అని సరిదిద్దుతాను. మనిషి సంగతి మనిషినే అడగాలి, అడిగాక నమ్మాలి.

తర్వాతి దసరా అయ్యాక సర్వీసుకు వెళ్తే, యాదమ్మ నవ్వుతూ కార్డు చూపించింది. ఫొటోలో ఆమె ముఖం శుభ్రంగా కనబడుతోంది. కార్డు వెనక్కి తిప్పింది.

"ఈసారి బొట్టు ఎన్కకు పెట్టినం సార్. దేవుడేమనుకోడు."