అత్తకొచ్చిన జబ్బే నాయనకూ
మా నాయన బస్సు డ్రైవరు. చాగలమర్రి నుంచి ఆళ్ళగడ్డ మీదుగా నంద్యాలకు పోయే బస్సు నడిపేవాడు. తొంభైల మొదట్లో, బడికి సెలవులొస్తే నేను ఆ బస్సెక్కి డ్రైవరు సీటు వెనకాల కూర్చునేదాన్ని. శిరివెళ్ళ దగ్గర కుడిపక్కకు చూస్తే నల్లమల కొండలు మాతోపాటే కదిలి వస్తున్నట్టుండేవి. నాయన స్టీరింగు ముందు మాట్లాడేవాడు కాదు గానీ, ఎదురొచ్చే ప్రతి బస్సుకూ చెయ్యెత్తేవాడు. నంద్యాల బస్టాండులో దిగాక నాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించి, తిరుగు బస్సు వేళ వరకూ అత్త వాళ్ళింట్లో వదిలేవాడు.

అత్త అంటే నాయన ఒక్కగానొక్క చెల్లెలు. మామ నంద్యాలలోనే ఒక బట్టల కొట్లో పనిచేసేవాడు. వీధి మొదట్లోకే వినపడేటట్టు నవ్వే మనిషి మా అత్త. నన్ను చూడగానే గడప దగ్గరే ఎత్తుకుని, "మీ నాయన బస్సు తోలినాడా, నిద్రపోయినాడా? ఇంత ఆలస్యమేంది?" అనేది.

ఆ అత్త రెండో కాన్పు తర్వాత నవ్వడం మానేసింది. పుట్టింది మగపిల్లవాడు. మొదటిది ఆడపిల్ల కాబట్టి ఇల్లంతా సంబరపడింది. అత్త మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. బిడ్డ ఏడుస్తున్నా తిరిగి చూసేది కాదు. తల దువ్వుకోదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోతుంది. గాలి సోకిందన్నారు. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. ఎవరెవరో వచ్చి, ఆమె అక్కడ లేనట్టే ఆమె ముందర ఆమె గురించి మాట్లాడుకునేవాళ్ళు.

"మొగపిల్లోడు పుట్టినాడు. ఇంగేం దిగులు ఈమెకు?" అని వాళ్ళ అత్తగారు అనడం నేనే విన్నాను.

ఒక మధ్యాహ్నం నాయన చెల్లెల్ని చూసిరావడానికి పోయి, తిరుగు బస్సులో ఆమెనూ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని వచ్చేశాడు. దారి పొడుగునా ముందున్న అద్దంలో చెల్లెలి మొహమే చూసుకుంటూ నడిపాడని కండక్టరు తర్వాత చెప్పాడు. ఇంటికొచ్చి వాళ్ళమ్మతో, అంటే మా అవ్వతో, ఒకటే మాట అన్నాడు.

"ఈడనే ఉంటాదిమా. ఎవురూ ఏమీ అడగొద్దండి."

మా ఇంట్లో మధ్యాహ్నాలు ఆడవాళ్ళ రాజ్యం. విత్తనానికని శెనక్కాయలు ఒలవడానికి ఇరుగుపొరుగు వాళ్ళు మా ముందు వసారాలో చేరేవాళ్ళు. నేల మీద పోసిన కాయల చుట్టూ కూర్చుని, కాయను నేలకు కొట్టి చిట్లించి, గింజలు చేటలో వేస్తూ మాటలాడుకునేవాళ్ళు. ఆ చప్పుడు, ఆ మట్టివాసన, పొట్టు మీద పడే ఎండ ఇప్పటికీ నాకు గుర్తే. అమ్మ అత్తను కూడా తెచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టేది. అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉండేది.

అట్లా కూర్చున్న ఒకరోజు అవ్వ, తల ఎత్తకుండానే కాయలు ఒలుస్తూ అత్తతో అంది.

"నువ్వు పుట్టినప్పుడు నాకూ ఇట్లనే అయినాది. నిన్ను చూస్తే ఏమీ అనిపించేది ల్యా. నీళ్ళకు పోయినప్పుడల్లా బాయిలోకి తొంగి చూసేదాన్ని. ఎవురికి చెప్పేది? చెప్తే తన్నేవాళ్ళు."

చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఎదురింటావిడ, తన మూడో కాన్పు తర్వాత సంగతి చెప్పింది. ఇంకొకావిడ, నెలసరి ఆగిపోయే వయసులో తనకు ఊరకూరకే ఏడుపొచ్చేదని, కోడలు చూస్తుందని పొయ్యి ముందర కూర్చుని ఏడ్చేదాన్నని చెప్పింది. పొగ వల్ల అనుకునేవాళ్ళట. అత్త ఆ రోజు తలెత్తి అవ్వను చాలాసేపు చూసింది. అందరూ వెళ్ళిపోయాక, "బాయిలోకి నేనూ చూసినానమ్మా" అంది. ఇంటికొచ్చాక ఆమె నోట వచ్చిన మొదటి పూర్తి మాట అదే.

ఆ వారమే నాయన ఆమెను నంద్యాలలో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాడు. ఇది గాలీ కాదు, ఆమె తప్పూ కాదు, కాన్పయినాక కొందరికి వచ్చే జబ్బు, మందులతో తగ్గుతుంది అని ఆ డాక్టరమ్మ చెప్పిందట. నాయన వచ్చి ఆ మాట ఇంట్లో చెప్పాడు, మామకూ ఆయన తల్లికీ చెప్పాడు, అడగకపోయినా వీధిలో వాళ్ళకూ చెప్పాడు.

తగ్గడానికి చాలా నెలలు పట్టింది. ఒకరోజు పాకే పిల్లవాడు శెనక్కాయ పొట్టు నోట్లో పెట్టుకుంటే, అత్త గబుక్కున లేచి, వేలు పెట్టి తీసేసి, వాణ్ణి ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. అమ్మ వంటింట్లోకి పోయి కొంగుతో మొహం తుడుచుకోవడం చూశాను.

అత్త కోలుకుని పిల్లలతో నంద్యాలకు తిరిగిపోయింది. తర్వాత పదేళ్ళకు పైనే గడిచాయి. నేను అత్త వాళ్ళింట్లో ఉండి నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాను. ఆ రోజుల్లోనే నాయన చూపు మందగించింది. పొద్దు గూకే వేళ ఎదురు బండి ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. కంటి పరీక్షలో తేలిపోయింది. స్టీరింగు దించి, డిపోలో సామాన్ల గదికి మార్చారు. జీతానికి లోటు లేదు. అందరూ, "ఎండలో తోలే పని తప్పింది, అదృష్టవంతుడు" అన్నారు.

నాయన నిద్రపోవడం మానేశాడు. కడుపునొప్పి అని మందుల షాపు నుంచి గ్యాసు మాత్రలు తెచ్చుకునేవాడు. డ్రైవర్లు చేరే టీ అంగడి వైపు పోవడం లేదు. అమ్మ మీద కూర బాగాలేదని, నీళ్ళు చల్లగా లేవని అరిచేవాడు. అత్త అన్నం తినకపోతే వీధంతా తెలిసింది. నాయన తినకపోతే, ఆకలి లేదంట అని ఊరుకున్నారు. వయసు పైబడే కొద్దీ మగవాళ్ళకు కోపం మామూలే అన్నారు.

ఒక ఆదివారం ఇంటికి పోయివచ్చి, రాత్రి అన్నం తింటూ అత్తతో అన్నాను. "నాయన రేడియో పెట్టడంలే అత్తా. గోడకు తిరిగి పండుకుంటాండాడు."

అత్త గరిటె గిన్నెలో పెట్టేసింది. "గోడకు తిరిగా?" అంది. మర్నాడు పొద్దున్నే బయలుదేరింది, నన్నూ వెంటబెట్టుకుని.

మేము పోయేసరికి నాయన లోపలి గదిలో చాప మీద ఉన్నాడు. అత్త పోయి పక్కన కూర్చుంది.

"అన్నా, నిద్ర పడతాందా?"

"పడతాంది."

"అబద్ధం చెప్పొద్దు. నంద్యాలకు పోదాం పా. డాక్టరుకు చూపించుకుందువు."

"పిచ్చోళ్ళ డాక్టరు దగ్గరికి నేనా? ఆడోళ్ళంటే సరే. మొగోన్ని, నాకేం దిగులు?"

అత్తకు కోపం రాలేదు. "నేను పండుకున్నప్పుడు ఊరంతా చూసినారు. సిగ్గుతో సచ్చిపోయినా. అయినా చూసినారు గాబట్టి నువ్వొచ్చి తీసకపోయినావు. నిన్ను ఎవురూ చూల్లేదన్నా. అంతే తేడా" అంది.

నాయన గోడకేసే తిరిగి, "బండి చప్పుడు ఇనపడితే గుండె పట్టేసినట్టయితాంది" అన్నాడు.

మేము ముగ్గురం బస్సెక్కాం. ఆ డ్రైవరు నాయన దగ్గర పని నేర్చుకున్నవాడు. "అన్నా, ముందుకు రా" అని పిలిచాడు. నాయన వెనక సీట్లోనే కూర్చుని, కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. శిరివెళ్ళ దాటాక లేచిపోయి ముందర నిలబడ్డాడు. ఇద్దరూ ఏదో గేరు సంగతి మాట్లాడుకున్నారు.

డాక్టరు గదిలో, "ఏడుపు వస్తుందా?" అని అడిగాడాయన.

"నీళ్ళు కారతాయి సార్. కండ్ల జబ్బుంది కదా."

డాక్టరు రాసుకుంటూ ఆగి చూశాడు. నాయన తలవంచుకుని, "దాంతో కాదులే సార్" అన్నాడు. నాయన ఏడవడం నేను చూసింది అప్పుడే. అత్త ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

మందులు పనిచేశాయి, నెమ్మదిగా. కొంతకాలానికి డిపోలో కొత్తగా చేరిన డ్రైవర్లు బండి సంగతులేవైనా ఉంటే సామాన్ల గదికి వచ్చి నాయననే అడగడం మొదలుపెట్టారు. మునుపటి మనిషి పూర్తిగా కాలేదు. టీ అంగడికి మాత్రం మళ్ళీ పోయేవాడు. తోటి డ్రైవరొకడు వరసగా సెలవులు పెడుతుంటే, వాళ్ళింటికి పోయి, "నాకూ వచ్చినాదిరా ఇది" అని చెప్పి వచ్చాడట. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు, ఆ డ్రైవరు భార్య చెప్పింది.

ఆ మధ్యలో ఒక ఆదివారం, అత్త మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని కొర్రలు ఏరుతూ అమ్మను అడిగింది. "వదినా, అప్పుడు నన్ను చూసుకున్యావు, ఇప్పుడు అన్నను చూసుకుంటాండావు. నువ్వెట్లుండావ్?"

అమ్మ నవ్వేసి, "నాకేం, బాగానే ఉండా" అంది. పొయ్యి మీద పప్పు దించింది. చేతులు కడుక్కుంది. మళ్ళీ వచ్చి అత్త ఎదురుగా నేల మీద కూర్చుని, "నీకు నిజం చెప్పాలంటే" అని మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గరగా వేసి, నాయనకు అన్నం వడ్డించడానికి పోయాను.