మట్టిగుట్ట కింద మనిషి

గని ఊళ్ళో ఆవిణ్ణి అందరూ మొక్కలావిడ అనేవారు. అసలు పేరు జీతాల రోజున గుమాస్తా పిలిస్తే తప్ప ఆవిడకే గుర్తుకు వచ్చేది కాదు. గనిలో ఖనిజం దొరికేదాకా పైన ఉన్న మట్టీ రాళ్ళూ ఎత్తి పక్కన పోస్తారు. పోయగా పోయగా అది ఓ పెద్ద గుట్ట అవుతుంది. కొండను గొయ్యి చేయడం, చేలను పూడ్చి కొండ చేయడం కంపెనీవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటి గుట్టలు జారకుండా వాటి మీద మొక్కలు నాటి తీరాలని ప్రభుత్వం రూలు పెట్టింది. ఆ రూలు పుణ్యమా అని ఆవిడకు ఉద్యోగం దొరికింది.

ఉద్యోగం ఓ వంక మాత్రమే. ఆ గుట్ట కింద ఆవిడ భర్త ఉన్నాడు.

అతను గుట్ట అంచున నిలబడి, మట్టి తెచ్చే డంపర్లను వెనక్కి రమ్మని చెయ్యి ఊపే మనిషి. వెనక ఏముందో కనపడని డ్రైవర్లకు అతనే కళ్ళు. ఓ సాయంత్రం, షిఫ్టు మారే వేళ, వానకు నానిన ఆ అంచు ఒక్కసారిగా జారింది. చూసినవాళ్ళు లేరు. షెడ్డులో అతని అన్నం డబ్బా ఉంది, మనిషి లేడు. కొన్నాళ్ళు తవ్వారు. వాన తెరిపి ఇవ్వలేదు. ఇంకో పెళ్ళ విరిగిపడేలా ఉందని తవ్వడం ఆపేశారు. అప్పటి మేనేజరు గుట్టకు దండం పెట్టి, "ఇక ఇదే ఆయన సమాధి అనుకోండి" అని చేతులు దులుపుకున్నాడు.

అప్పుడావిడ నిండు చూలాలు. పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఏడాది తిరక్కుండా చంటిపిల్లను చంకనేసుకుని తిరిగొచ్చేసరికి పాత ఊరు గనిలో కలిసిపోయింది. కంపెనీ కట్టించిన కాలనీలో ఆవిడకూ రెండు గదుల ఇల్లు ఇచ్చారు.

అప్పట్నుంచీ ఆవిడ లోకం ఆ గుట్టే. నాటిన మొక్కలు చెట్లయ్యాయి. జారిన వైపు మొక్కలకు మాత్రం ఇంకాస్త ఎక్కువ నీళ్ళు పోసేది. పిల్లకు జ్వరం వచ్చినా, మేస్త్రీతో మాటామాటా వచ్చినా అక్కడ కూర్చుని చెప్పుకునేది. వానలు వెలిశాక, పోసిన మట్టి లోపల్లోపల సర్దుకుంటుంది. అప్పుడు గుట్ట కడుపులోంచి మూలుగులాంటి చప్పుడు వస్తుంది. తోటి కూలీలు పారలు వదిలేసి కిందికి పరిగెత్తేవారు. ఆవిడ మాత్రం కదలకుండా, "ఆఁ, వింటున్నాలే, చెప్పు" అనేది. పిచ్చి అనుకుంటే అనుకోండి. ఆ చప్పుడు విన్న రోజు ఆవిడ ముఖం తేటగా ఉండేది.

ఊరి నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు. మనిషి మట్టి కింద పడ్డాడో, ఎవత్తెనో వెంటేసుకుని పోయాడో ఎవరు చూడొచ్చారని కాలనీలో కొందరు చెవులు కొరుక్కునేవారు. ఆ మాట బళ్ళో పిల్లల నోట పడి కూతురి దాకా వచ్చింది. పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కించింది. పిల్లకు మట్టి కనిపించింది, చెట్లు కనిపించాయి. పెద్దదవుతున్నకొద్దీ అటువైపు వెళ్ళడమే మానేసింది.

కూతురికి ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది. ఇన్నాళ్ళూ పనికిరాదని పారబోసిన మట్టిలో బ్యాటరీలకు కావలసిన ఖనిజం ఏదో ఉందట. కొత్తగా అడవులు కొట్టి కొండలు తవ్వే బదులు, ఈ పాత గుట్టలనే మళ్ళీ తవ్వి జల్లించుకుంటే సరిపోతుందట. మంచిమాటే, కాదనడానికి లేదు. కాకపోతే విధానాలు రాసేవాళ్ళకు గుట్టంటే ఇన్ని లక్షల టన్నులు. దాని కింద ఒకావిడ మొగుడు ఉన్నాడన్న సంగతి ఏ పటంలోనూ గీసి ఉండదు. అయినా ఎవరో బుద్ధిమంతుడు ఒక షరతు రాశాడు. ప్రమాదంలో మనిషి పోయిన గుట్టను, ఆ ఇంటివాళ్ళు వద్దంటే ముట్టుకోకూడదు.

అలా ఊరి పనంతా వచ్చి మొక్కలావిడ నోటి దగ్గర ఆగింది. అభిప్రాయాలు చెప్పే సభ రోజు పొద్దున కూతురు తల దువ్వుకుంటూ కదిపింది.

"ఒప్పుకో అమ్మా."

"చెట్లన్నీ కొట్టేస్తారే."

"కొట్టనీ. నాన్న ఉంటే దొరుకుతాడు. లేకపోతే లేడని తేలిపోతుంది. నన్ను చూసి జనం ఎలా నవ్వుకుంటారో నీకేం తెలుసు?"

ఆవిడ బెంగ చెట్ల గురించి కాదు. తవ్వాక దొరకకపోతే? ఆ ప్రశ్నను ఇన్నేళ్ళూ దగ్గరికి రానివ్వకుండా నెట్టుకొచ్చింది. ఇప్పుడు సొంత కూతురే దాన్ని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది.

సభలో గనుల ఆఫీసరు సుస్థిర అభివృద్ధి గురించి చాలాసేపు మాట్లాడాడు. మనిషి మంచివాడే, మాటలే బరువు. చివరికి అందరూ తన వైపు తిరిగితే ఆవిడ లేచి నిలబడింది.

"తవ్వుకోండి సార్. జారిన వైపు తవ్వేటప్పుడు మాత్రం నేను పక్కనే ఉంటా. నేను ఆపమంటే మిషన్ ఆగాలి."

"తప్పకుండా అమ్మా" అన్నాడు ఆఫీసరు.

మాట తప్పలేదు కూడా. ఆవిడ నెత్తిన హెల్మెట్ పెట్టి, ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. తను పెంచిన చెట్లు కూలుతుంటే ఆవిడ తల తిప్పుకుంది. యంత్రం మట్టిలోకి దిగాక మాత్రం కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. వేళ్ళు వచ్చాయి, టైరు ముక్కలు వచ్చాయి, తుప్పు పట్టిన ఇనుప తాడు వచ్చింది. ఒకసారి ఎముక కనిపించింది. యంత్రం నడిపేవాడు ఆవిడ అనకముందే ఆపేసి కిందికి దూకాడు. గని డాక్టరు వచ్చి చూసి, పశువుదని తేల్చాడు. ఆవిడ ఆ ఎముకను చాలాసేపు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఎవరూ తీసుకోబోలేదు.

చివరికి ఒకరోజు యంత్రం బకెట్ అడుగునున్న నల్లమట్టికి తగిలింది. గుట్ట పోయకముందు అక్కడున్న చేల మట్టి అది. దాని కింద చూడవలసింది ఇంకేమీ లేదు. ఆఫీసరు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయిపోయిందమ్మా" అన్నాడు.

కాలనీ ఆడవాళ్ళు ఓదార్చడానికి వచ్చారు. "పోనీలే వదినా, ఎక్కడో చల్లగా ఉండే ఉంటాడు" అంది పక్కింటావిడ. తిట్టినా అంత మండేది కాదు. కూతురు ఆ మాట విని కూడా ఎదురు చెప్పలేదు. అదే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు ఉండబట్టలేక మళ్ళీ అక్కడికే వెళ్ళింది. రిటైరైన బుల్డోజరు డ్రైవరు ఒకాయన చదునైన నేలను చూసుకుంటూ తిరుగుతున్నాడు. ఆవిణ్ణి చూసి వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"శుభ్రంగా ఊడ్చేశార్రా" అన్నాడు తనలో తను. "వీళ్ళకు గట్టి మట్టే మిగిలింది పాపం. జారి పడ్డ మట్టయితే ఇంత కష్టం ఉండేది కాదు. అది మేం అప్పుడే ఎత్తేశాం."

"ఎప్పుడు బాబాయ్?"

"నువ్వు పురిటికెళ్ళినప్పుడు. కాలనీ నేల పల్లం కదా, వానలకు ముందే ఎత్తు చేస్తేగానీ ఇళ్ళు కట్టడానికి వీల్లేదని పైనుంచి ఒకటే ఒత్తిడి. జారిన మట్టి వదులుగా ఉంటుందమ్మా, బకెట్ పెడితే చాలు వచ్చేస్తుంది. ఎవడైనా ముందు దానికే పోతాడు. ఖాళీ అయిన చోట మళ్ళీ డంపర్లు పోసేశాయి. ఆ మట్టితోనే మీ కాలనీ నేలంతా నేనే చదును చేశా. ఇప్పటికీ ఒక్క ఇల్లయినా కుంగిందేమో చూడు."

గర్వంగా అటు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగి ఆవిడ ముఖం చూశాక లేచి నిలబడ్డాడు.

"వెతకడం అయిపోయిందన్నారమ్మా" అని నసిగాడు. "అయిపోయిందంటే, ఇంకేం లేదనే అనుకున్నాం. చీకట్లో, ఆ దుమ్ములో, ఎవరు చూస్తారు..."

ఆవిడ అతన్ని ఒక్క మాట అనలేదు. అనడానికి అతనొక్కడే కాదు. వెతికినవాళ్ళు ఆపేశామన్నారు, ఎత్తినవాళ్ళు వెతికేశారనుకున్నారు. ఆ రెంటి మధ్యా మనిషి జారిపోయాడు.

కాలనీ మొదట్లో ఆవిడ ఆగింది. పిల్లలు వీధిలో బంతి తన్నుకుంటున్నారు. ఎవరో ముసలాయన అరుగు మీద పడుకుని కునుకు తీస్తున్నాడు. ఈ వీధిలోనా, ఆ బడి ఆవరణలోనా, పక్కింటావిడ వంటగది కిందా? గుట్టయితే ఒకటే ఉండేది, ఎటు తిరిగి మాట్లాడాలో తెలిసేది. కాలు ఎక్కడ పెట్టినా ఆయన మీద పెట్టినట్టే అనిపించింది. చెప్పకపోతే ఆయన పేరు మీద మచ్చ ఉండిపోతుంది. చెబితే ఈ ఇళ్ళల్లో ఇక ఒక్కరూ నిశ్చింతగా నడుం వాల్చలేరు. ఎలా నడిచిందో ఇంటి దాకా నడిచింది. గడప మాత్రం దాటలేకపోయింది.

లోపల కూతురు నేల మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"రా అమ్మా, అక్కడే నిలబడ్డావేం? ఇంక ఆ గుట్ట గోల వదిలెయ్. పోయినవాడు పోయాడు. ఎవరితో పోతే మనకెందుకు?"

"మీ నాన్న ఎక్కడికీ పోలేదు."

"మళ్ళీ మొదలుపెట్టావా? అంతా తవ్వారుగా. మరి ఎక్కడున్నాడు?"

ఆవిడ కళ్ళు కూతురి కాళ్ళ దగ్గర, ఆ గచ్చు మీద నిలిచిపోయాయి. చంకనేసుకొచ్చిన పిల్లను మొదట దింపింది దాని మీదే. పిల్ల బోర్లా పడిందీ, పాకిందీ, పడుతూ లేస్తూ నడక నేర్చిందీ దాని మీదే.

"చెప్తాను తల్లీ" అంది. "ముందు నువ్వు బయటికి రా."