నీళ్ళు పారుతుండగా చూడాలి

జడ్జిగారి వీడ్కోలు సభలో మూడో ఉపన్యాసం సాగుతుండగా, వెనక గోడవారన నిలబడ్డ ఒక రైతు చెయ్యెత్తాడు.

"బాబూ, మరి నా కాలవ మాటేటి?"

ప్లీడర్ల సంఘం హాలు అది. ఉక్కపోత. మెడలో బంతిపూల దండతో జడ్జిగారు కళ్ళు సగం మూసుకుని కూర్చున్నారు. ముందు వరసలోని పెద్ద ప్లీడరు వెనక్కి తిరిగి కసిరాడు.

"ఒరే, కూకో. ఇది కోర్టు కాదు, సన్మానం."

"కోర్టులో అడిగితే మాటాడకన్నారు. ఇక్కడా వద్దంతే మరెక్కడ అడగమంతారు బాబూ?"

కొందరు నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. దండ తీసి బల్ల మీద పెట్టి లేచారు.

"ఇతని దావాలో వాదనలు విన్నాను. తీర్పు రాయలేదు. చూడకుండా రాయలేకపోయాను. నా తరవాత వచ్చేవారు మళ్ళీ వాదనలు వినాల్సిందే."

"మల్లీ మొదట్నించేనా?" అన్నాడు రైతు. అతను గోడకు చేరబడి అక్కడే కూలబడ్డాడు.

పందొమ్మిది వందల అరవైల చివర నేను ఆ ఊళ్ళో ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. వార్తల్లేని రోజున కోర్టు వరండాలో కూర్చోవడం అలవాటు. గట్టు తగాదా గానీ, నీటి తగాదా గానీ వస్తే ఆ జడ్జిగారు స్వయంగా పొలానికి వెళ్ళేవారు. గొడుగు, మంచినీళ్ళ మరచెంబు తనవే. ఇరుపక్షాలూ కొబ్బరిబొండాలు కొట్టించి పట్టుకొస్తే, "మీది వాళ్ళకివ్వండి, వాళ్ళది మీరు తాగండి" అనేవారు. ఓడినవాళ్ళు కూడా పైకోర్టుకు వెళ్ళడం అరుదు. అలా ఓడిన ఒకాయన్ని అడిగితే, "ఆయనొచ్చి సూసినాడు. సూసినాక మనమేటంతాం?" అన్నాడు.

ఈ రైతుది గజపతినగరం అవతల పల్లె. గెడ్డ అనే చిన్న వాగు నుంచి అతని వరిమడికి వచ్చే కాలవ, ఎగువ రైతు పొలంలోంచి రావాలి. ఎగువాయన అడ్డంగా గట్టు వేసి, అక్కడ కాలవే లేదన్నాడు. దిగువన నారు ఎండిపోయింది. కాలవ ఉందో లేదో తేలాలంటే నీళ్ళు పారుతుండగా చూడాలన్నారు జడ్జిగారు. ఆ మాటకు రైతు ఎంతో సంబరపడ్డాడు. వాయిదాకు వచ్చినప్పుడల్లా వరండాలో నాతో, "ఆయన కాలెడితే సాలు, నా మడి తడిసినట్టే" అనేవాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు వానలు వెనకబట్టాయి. గెడ్డ ఇసుక మేటగా ఉంది. "సూడండి బాబూ, కాలవేదీ?" అన్నాడు ఎగువాయన. "నీల్లొస్తే కనిపిస్తాది. నీ కల్లకి నీల్లొచ్చినా కనిపించదులే, మావా" అన్నాడు దిగువాయన. జడ్జిగారు ఇద్దరినీ చూసి, మళ్ళీ వస్తానని వెనక్కి వచ్చేశారు. రెండోసారి వెళ్ళేసరికి గెడ్డ పొంగి పొలాలూ కాలవా ఏకమయ్యాయి. రోడ్డు తెగి బస్సు దారిలోనే ఆగిపోయింది. బురదలో నడిచి వచ్చిన జడ్జిగారికి జ్వరం తగులుకుంది. లేచేసరికి పదవీ విరమణ ముంచుకొచ్చింది.

ఉన్న సాక్ష్యంతో రాసెయ్యవచ్చు కదా అని బెంచి గుమస్తా అడిగాడట. "రాయవచ్చు. కానీ వాళ్ళిద్దరూ నమ్మరు" అన్నారట ఆయన.

సభ ముగిశాక శాలువా చేతి మీద వేసుకుని ఆయన రైతు దగ్గరికి వెళ్ళారు. రైతు లేచి దండం పెట్టాడు. జడ్జిగారి నిష్పక్షపాతం గురించి నేను పంపిన వార్త అచ్చయింది. రైతు అడిగిన ప్రశ్నకు మాత్రం చోటు చాలలేదు.

కొత్త జడ్జిగారు తాను వెళ్ళకుండా, పొలం చూసి నివేదిక రాసిమ్మని కమిషనరుగా ఒక ప్లీడర్ని పంపారు. ఆయన ఎండల్లో, గెడ్డ ఎండి ఉండగా వెళ్ళాడు. కాలవ ఆనవాళ్ళు కనబడలేదని రాశాడు. దాని మీద అభ్యంతరాలు, వాటి మీద వాయిదాలు. వరిమడిలో రైతు, నీళ్ళు అంతగా అక్కర్లేని చోళ్ళు, అంటే రాగులు, చల్లుకున్నాడు. నాకు వేరే ఊరికి బదిలీ అయ్యేనాటికి దావా ఇంకా నడుస్తూనే ఉంది. నీళ్ళు పారుతుండగా ఆ చోటును కోర్టు తరఫున ఎవరూ చూడలేదు.