చిన్నమ్మ చెప్పిన సాక్ష్యం

మా చిన్నమ్మ ఫోన్‌ల కుట్టు మిషను గెలిచింది. గెలిచినవని వాళ్ళు చెప్పిండ్రు, ఈమె నమ్మింది, గంతే.

ఖమ్మంల ఉన్న ఒక పెద్ద బట్టల షాపు పేరు పెట్టుకొని ఎవడో ఫేస్‌బుక్‌ల పేజీ తెరిచిండు. ఆ షాపోళ్ళకు ఆ సంగతే తెల్వదు. పోస్టు షేర్ చేసి, కింద 'నాకు కావాలె' అని రాస్తే కరెంటు మిషను ఫిరీ అన్నడు. చిన్నమ్మ ఇల్లందుల జాకెట్లు కుడుతది. కాలుతోని తొక్కే మిషను, అది గూడ కిరాయిది. తొక్కి తొక్కి మోకాళ్ళు పోయినయి. అసుంటి మనిషికి కరెంటు మిషను అంటే ఆశ పుట్టదా?

"ఊకెనే ఎవడిస్తడు చిన్నమ్మా? ఆ షాపుకే ఫోన్ చేసి అడుగరాదు," అన్న.

"సర్కారోళ్ళు ఆడోళ్ళకు బస్సు ఫిరీ ఇస్తలేరా? మిషను ఇస్తే నీకేంది కడుపుమంట?" అంది.

వాళ్ళు ఒక వీడియో అడిగిండ్రు. సంతోషంగ నాలుగు మాటలు చెప్పి పంపితే పేరు ఖాయం చేస్తమన్నరు. చిన్నమ్మ ఇంట్ల కూసొని చెప్పే రకం కాదు. మా చర్చిల ఎవరికన్న మేలు జరిగితే ఆదివారం లేచి సాక్ష్యం చెప్తరు. మేలు ఇంకా చేతికి రాకున్నా, వచ్చినట్టే నమ్మి ముందుగాల స్తోత్రం చెప్పుడు గూడ ఉంటది. చిన్నమ్మ పెళ్ళిళ్ళకు కట్టే పచ్చ చీర కట్టుకొని లేచింది.

"అందరికి వందనాలు. దేవుడు నా మోకాళ్ళ బాధ చూసి నాకు మిషను ఇచ్చిండు," అని బోరున ఏడ్చింది. తర్వాత కండ్లు తుడుసుకొని, "ఇంకా ఇంటికి రాలే. వస్తదని నమ్ముతున్న," అంది. అందరు ఆమెన్ అన్నరు. నేను ఫోన్‌ల తీసిన, ఆమె పంపింది.

తెల్లారి మిషను తెచ్చే లారీకి కిరాయి కట్టుమన్నరు. కట్టింది. ఇగ ఎన్ని మెసేజులు పెట్టినా జవాబు లేదు. ఆమె మాత్రం లారీ యాడనో ఆగి ఉంటదని వాకిట్లకు చూసుడు మానలే.

ఒక సంత రోజు పని మీద భద్రాచలం బస్సెక్కిన. అడివిల బస్సు ఆగే ఒక స్టేజీ కాడ ఒకామె చింతపండు మూటతోని ఎక్కి నా పక్కన కూసుంది. జీరో టికెట్ కొట్టిచ్చుకొని ఫోన్ తీసింది. "అందరికి వందనాలు" అని వినవడ్డది.

అది మా చిన్నమ్మ గొంతు! తొంగి చూస్తే అదే పచ్చ చీర, అదే ఏడుపు. పైన పెద్ద పెద్ద అక్షరాలతోని 'మన విజేత' అని రాసి ఉంది. "మిషను ఇచ్చిండు" అనంగనే ఆగిపోయి మళ్ళ మొదలయింది. ఇంకా రాలేదన్న ముక్క కోసేసిండ్రు. ఓరి మీ చేతులు పడిపోను! ఆమె ఏడుపు ఉంచుకొని నిజం తీసి పారేసిండ్రు.

"అక్కా, నన్ను గూడ గెలిచినవన్నరు," అందామె. "చింతపండు అమ్మంగనే లారీ కిరాయి కడ్త."

"కట్టకు తల్లీ! ఫిరీగ ఇచ్చేటోడు ముందుగాల పైసలెందుకు అడుగుతడు? అదంత మోసం. ఆమె మా చిన్నమ్మ. ఆమెకే మిషను రాలే."

ఆమె నన్ను కిందికి మీదికి చూసింది. "దేవుని ముంగట గట్ల ఏడ్సుకుంట ఎవరన్న అబద్ధం చెప్తరా? మీకు వచ్చింది, మాకు రావొద్దా?" అని మూట గుంజుకొని వేరే సీట్లకు పోయింది.

ఇంటికొచ్చి చిన్నమ్మకు బస్సుల జరిగింది చెప్పి వీడియో చూపెట్టిన. "ఇంకా రాలేదని గూడ చెప్పిన గదనే," అంది. మళ్ళ మళ్ళ అదే మాట. మిషను పోయినందుకు ఏడ్వలే. "నా మొఖం జూపెట్టి మందిని ముంచుతున్నరు" అని తలకాయ కొట్టుకుంది. సైబర్ పోలీసులకు చెప్పినం, మా వాళ్ళందరితోని ఆ పేజీ మీద రిపోర్ట్ కొట్టిచ్చినం. పేజీ పోయింది. కొన్నొద్దులకే వేరే పేరుతోని లేచింది. అండ్ల మా చిన్నమ్మ మళ్ళ అట్లనే ఏడుస్తుంది.

"ఆ చింతపండు ఆమె ఏ బస్సుకు ఎక్కుతది?" అని అడిగింది చిన్నమ్మ.

మళ్ళ సంతకు ఇద్దరం అదే బస్సెక్కినం. చిన్నమ్మ కావాలనే పచ్చ చీర కట్టింది. అదే స్టేజీ కాడ ఆమె ఎక్కింది. చిన్నమ్మను చూసి మొఖం చాటంత చేసుకొని నవ్వింది.

"అమ్మా, మిషను మంచిగ కుడ్తుందా?"

"రాలే బిడ్డా. నాకు ఏ మిషనూ రాలే."

ఆమె మూట పట్టుకొని నడిమిట్లనే నిలవడిపోయింది. "నిన్ను జూసే కట్టిన గదమ్మా," అంది.

బస్సుల అందరు ఇటు తిరిగిండ్రు. చిన్నమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకొని తన సీట్ల కూసోబెట్టింది. తను కమ్మి పట్టుకొని నిలవడి, ఫోన్ నా చేతిల పెట్టింది.

"తియ్యి పిల్లా. ఈసారి రాలేదన్న మాటే మొదలు చెప్త. ఇంక యాడ కోసుకుంటరో కోసుకోనీ."