పడవకు నిట్టాడు

మా మామ, అంటే నా భర్త తండ్రి, పోయిన మంగళవారం తెల్లవారుజామున చనిపోయాడు. కాఫీ ఇద్దామని లేపబోతే లేవలేదు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, మంచాన పడకుండా పోయాడులే అని అందరూ నన్ను ఓదారుస్తున్నారు. నిజమే. అయినా నాకు ఏడుపు ఆగడం లేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాస్తే గుండె బరువు కొంచెం దిగుతుందేమో.

మాది కర్నూలు జిల్లాలో కృష్ణా వెనుక జలాల ఒడ్డున చిన్న ఊరు. మామ ఎడ్లబండ్లు చేసే వడ్రంగి. ట్రాక్టర్లు వచ్చాక తలుపులూ మంచాలూ చేశాడు. ఆ మధ్య మిద్దె మీద నుంచి పడి తుంటి విరిగింది. అప్పటినుంచి ఎడమ కాలు మడత పడదు. బస్సులో కూర్చోలేడు, బండెక్కలేడు. చేపలు పట్టేవాళ్ల పుట్టి అనే గుండ్రటి చిన్న పడవలో కాలు ముడుచుకుని కూర్చోవాలి, అదీ కుదరదు. ఆయనకున్న ఒక్క అక్క ఎదురు ఒడ్డున ఉంటుంది. కంటికి కనపడే ఊరు, రోడ్డున చుట్టి పోతే ఒక పూట. ఆమెకూ వయసైపోయి ప్రయాణాలు మానేసింది. అప్పటికి మూడేళ్లుగా ఫోన్లో "బాగుండావా" అంటే "బాగుండా" అనుకోవడమే.

ఒకరోజు నా కుట్టుమిషన్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, కాలు సాపుకొని కూకునే పడవ ఒగటి చేస్తాండా. తెడ్డెయ్యను నాకు శక్తి లేదు, నీకు శాతగాదు. శ్రావణంలో గాలి ఎట్లాగూ మా అక్కోళ్ల దిక్కే కొడతాది. తెరచాప గుడ్డ కుట్టి ఇస్తావా?"

"పొయ్యేదానికి గాలి ఉండాది. వచ్చేదానికో మామా?"

"వచ్చే సంగతి మా అక్క సూసుకుంటాదిలే."

గుడిసె నడుమ నిలబెట్టే కట్టెను నిట్టాడు అంటారు. తెరచాప కట్టే కొయ్యకూ ఆయన అదే పేరు పెట్టాడు. సెంట్రింగ్ పనివాళ్ల దగ్గర తిన్నని సర్వి కట్టె తెచ్చి, చిత్రిక పట్టి, నూనె పూసి నీడలో ఆరబెట్టాడు. రోజూ పొద్దున్నే ఒక కన్ను మూసి దాని వంకర చూసేవాడు. కట్టెను తొందరపెట్టకూడదనేవాడు. నన్ను మాత్రం గంటకోసారి తొందరపెట్టేవాడు! నేను పాత ఎన్నికల ఫ్లెక్సీ ఒకటి సంపాదించి, అంచులు మడిచి, నైలాన్ దారంతో మూడు వరసలు కుట్టాను.

బండి పనిలో కట్టెకు ఈ పక్కనుంచి ఆ పక్కకు తేలేలా బెజ్జం తొలిచి, చీల కొట్టి బిగిస్తారు. మామ చేతికి అలవాటైన పద్ధతి అదే. పలకలతో పడవ కట్టాక దాని అడుగు పలకకూ అలాగే బెజ్జం తొలిచి, నిట్టాడు దించి, చీలలు కొట్టి, చుట్టూ తారు పోశాడు. ఒడ్డున ఉన్నంతసేపూ గట్టిగానే ఉంది. నీళ్లలోకి దించి గుడ్డ విప్పామో లేదో, గాలికి కట్టె ఊగింది, తారు ఊడింది, నీళ్లు బుడబుడా పైకొచ్చాయి. "మామా, మునిగిపోతాం!" అని అరిచాను. ఆయన కట్టె చుట్టూ తువ్వాల కుక్కి, దాన్ని వాటేసుకుని కూర్చున్నాడు. మోకాటి లోతే కాబట్టి పడవను ఒడ్డుకు ఈడ్చాను. చూసినవాళ్లు ఒకటే నవ్వు.

రెండు రోజులు ఆయన పడవ దిక్కే పోలేదు. అక్కను చూడటం ఇక కాదని ఆశ వదులుకున్నాడు. మూడో రోజు అన్నం పెడుతూ అన్నాను.

"మామా, మన పాత తలుపు కింద రాయిలో గుంత ఉండాది గదా. తలుపు బరువంతా దాంట్లోనే తిరుగుతాది. ఆ గుంత రాయికి అవతలికి తేలిందా?"

ఆయన ముద్ద కంచంలో పెట్టేసి తలుపు దిక్కు చూశాడు.

"ముందే సెప్పకూడదామ్మా?"

"ముందే సెప్పింటే ఇనింటావా?"

"యాడ ఇంటా," అని నవ్వాడు.

ఆ మధ్యాహ్నమే బెజ్జం మూసేశాడు. తుమ్మ మొద్దులో సగం లోతుకే గుంత తొలిచి పడవ అడుగున బిగించాడు. పైన అడ్డపలకకు కన్నం పెట్టి, దాంట్లోంచి కట్టెను గుంతలోకి దించాడు. మూడు దిక్కులా తాళ్లు లాగి కట్టాడు. నవ్వినవాళ్లు అడిగితే, "తప్పు చేస్తి, దిద్దుకుంటి" అన్నాడు, అంతే. ఇప్పటికీ జాకెట్టు తప్పు కుడితే బుకాయించకుండా విప్పి మళ్లీ కుడతాను. అది ఆయన చలవే.

శ్రావణంలో ఒక ఉదయం బయలుదేరాం. తెరచాప తాడు నా చేతిలో, చుక్కాని ఆయన చేతిలో. నేను మాటిమాటికీ కట్టె మొదలు దిక్కే చూశాను. నీళ్లు మాత్రం లోపలికి రాలేదు. గాలి మమ్మల్ని అవతలకు తోసింది. పడవ ముక్కు బురదకు తగిలి ఆగింది.

ఏదో పడవ వస్తోందని ఎవరో చెప్పినట్టున్నారు, ఆయన అక్క చేతికర్రతో ఒడ్డుకొచ్చి ఉంది. ఫ్లెక్సీలో నాయకుడి ముఖం చూసి, "నీళ్లమింద గుడా ఓట్లకొస్తాండారా!" అని పక్కామెతో అంటోంది. అంతలో తమ్ముణ్ని గుర్తుపట్టింది.

"ఒరే, నడ్సలేనోనివి, ఎట్లొస్తివిరా?"

మామ రెండు చేతులా నిట్టాడు పట్టుకుని, బరువంతా దాని మీదే వేసి మెల్లగా లేచాడు. అది ఇసుమంతైనా కదలలేదు. అక్క ఎదుట నిటారుగా నిలబడి, "అక్కా, వస్తి" అన్నాడు.

ఆమె చేతికర్ర పారేసి నీళ్లలోకి దిగింది. చీర తడుస్తోందని కూడా చూసుకోలేదు. పడవ పక్కకొచ్చి, తమ్ముడి మడత పడని కాలును తుంటి నుంచి పాదం దాకా తడిమింది. ఆ పాదం మీద చెయ్యి పెట్టుకుని అట్లే నిలబడింది.