పసుపు పెట్టిన బంతి, నా పుర్రచెయ్యి

గద్వాల మైదానంలో ఫైనల్ ఆట చివరికొచ్చింది. మా సారు నన్ను పిలిచి బంతి అందించబోతుంటే, మా మేనమామ సున్నపుగీత దాటి లోపలికి ఉరికొచ్చాడు. "ఆగు కోడలా! దేవుని కాడ పెట్టిన బాలు అది. పుర్రచేత్తో ముట్టకు!"

ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, మేం ఇంటర్ చదివే కాలంలో వనపర్తి ఆడపిల్లలు బేస్‌బాల్ ఆడడమే ఒక వింత. అందులో ఎడమచేతివాటం ఇంకో వింత. మా జట్టులో బంతి విసిరేది పొడుగక్క. ఆమె చెయ్యి అలిసినప్పుడు దిగడం నా పని. (అక్క చెయ్యి ఇనుము. అందుకే నా ఆటంతా బెంచీ మీదే సాగింది.) ఎడమచేతివాళ్ల గ్లవ్ ఏ దుకాణంలోనూ దొరకక, పొడుగక్కదే తిరగేసి కుడిచేతికి తొడుక్కునేదాన్ని, నా బొటనవేలు చిటికెనవేలి గదిలో కాపురముండేది. బట్టల దుకాణం నడిపే మామ జట్టందరికీ జెర్సీలు కుట్టించాడు. ఫైనల్ కోసం కొత్త బంతిని అలంపూర్ తీసుకెళ్లి, పూజ చేయించి, పసుపూ కుంకుమా పెట్టించాడు. ఆ రోజు అక్క భుజం పట్టేస్తుందని, నేను దిగాల్సొస్తుందని ఆయన కలలోనూ అనుకోలేదు. గెలిచిన జట్టుకే రాష్ట్ర పోటీలు. ఒక్క పరుగు ముందున్నాం, ఇంకొక్కరు ఔటైతే చాలు.

"కుడిచేత్తో ఎయ్యి," అన్నాడు మామ.

"కుడిచేత్తో ఏస్తే నీ కారు అద్దానికి తగుల్తది, మామా."

"ఎదురు మాట్లాడకు! పుర్రచేత్తో ఏసినవంటే రేపటి సంది నీ ఆట బంద్!"

"బంద్ జేస్తే జెయ్యి. గిది అయినంక జెయ్యి."

సారు మధ్యలో దూరాడు. "అన్నా, జర ఇను. గ్లవ్ కుడిచేతికే ఉంది గదా. బాలు పట్టేది కుడిచెయ్యే. ఇసిరేటప్పుడు పుర్రచేతుల ఎంతసేపుంటది?"

"ఆ ముచ్చట దేవునికి జెప్పు," అంటూ మామ గీతదాకా వెళ్లి, నడుం మీద చేతులేసుకుని అక్కడే నిలబడ్డాడు.

రెండు బంతులకు గద్వాల అమ్మాయి గాలిని కొట్టింది. మూడోదాన్ని వదిలేసింది. కొట్టకపోయినా సరే, బంతి ఛాతీకీ మోకాలికీ మధ్య నుంచి పోతే స్ట్రైకే. మూడు స్ట్రైకులైతే ఆమె ఔట్, మేం గెలిచినట్టు. సరిగ్గా అప్పుడే మామ, "మళ్ల గదే చెయ్యా!" అని అరిచాడు. అంపైర్ తల అటు తిప్పాడు. మళ్లీ ఇటు చూసేసరికి బంతి మా క్యాచర్ చేతిలో ఉంది. ఔటని మేము, కాదని వాళ్లు. "నాకేం తెల్వదు తల్లీ, నేను మీ మామను జూస్తున్న," అన్నాడా పెద్దమనిషి.

ఆ గొడవ తేలక, ఆ ఏడు రాష్ట్ర పోటీలకు ఏ జట్టూ పోలేదు. నా ఆట మాత్రం బంద్ కాలేదు, నేను కానివ్వలేదు. డిగ్రీ అయ్యేదాకా పుర్రచేత్తోనే విసిరాను. మామ గొణుక్కుంటూనే మరుసటేడూ జెర్సీలు కుట్టించాడు.

ఇప్పుడు పత్రికలో ఊళ్ల ఆటల వార్తలు రాస్తున్నాను. గద్వాలకు పోతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. "నిజం జెప్పక్కా, అది స్ట్రైకేనా?" ముమ్మాటికీ స్ట్రైకేనని వాదిస్తాను. అది ఎక్కణ్ణుంచి పోయిందో మాత్రం నాకూ తెలియదు. విసిరేటప్పుడు పదిహేడేళ్ల నేను కూడా మామ కళ్లలోకే చూస్తున్నాను.